ఆడవాళ్ళ సైజు చెక్కముక్క

మేడ మీద గది నుంచి

ఏమ్మా మరదలా,

నీ ఫొటో పేపర్లో చూశాను. సగం పేజీ నువ్వు, మిగతా సగం బట్టల సబ్బు. "మంటల్లోంచి మౌనంలోకి" అని శీర్షిక. ఇలాంటి శీర్షికలు పెట్టేవాళ్ళని నిచ్చెన చివరి మెట్టెక్కించి కింద నుంచి నిచ్చెన లాగెయ్యాలి. కళ్ళ డాక్టరు పేపరు చదవొద్దన్నాడు, బీపీ డాక్టరు అసలే చదవొద్దన్నాడు. ఇద్దరి మాటా వినకుండా ప్రతి అక్షరం చదివాను.

"అగ్నిమాపక శాఖలో చేరిన మొదటి మహిళ" అన్నారు. అంతవరకూ నిజం. ఆ తర్వాత మన చీఫ్‌గారిని అడిగారట. "ఆమెని కన్నకూతురిలా ప్రోత్సహించాను" అన్నాడట ఆ మహానుభావుడు. వాడింకా బతికే ఉన్నాడని తెలిసి ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఆ కన్నతండ్రి నీకేమిచ్చాడో నేను మర్చిపోలేదు. నీ పాదం కంటే జానెడు పెద్ద బూట్లు. వాటిల్లో పాత పేపర్లు కుక్కుకుని పరిగెత్తావు. పేపర్లు నీకు చేసిన ఉపకారం అదొక్కటే. బట్టలు మార్చుకోవడానికి నీళ్ళ గొట్టాలు ఆరబెట్టే గది చూపించాడు. దానికి గడియ లేదు. మీ అక్క పొద్దున్నే నీతో పాటు స్టేషనుకొచ్చి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడేది.

ఇక ఆ చెక్కముక్క! మంటల్లోకి వెళ్ళే ప్రతివాడి జేబులోనూ ఒకటుండాలి. దాటిన తలుపు కింద దాన్ని దోపి ముందుకెళ్ళాలి. వెనక తలుపు మూసుకుపోయిందంటే నీళ్ళ గొట్టం నలుగుతుంది, మనిషికి వెనక్కొచ్చే దారి ఉండదు. కొత్తగా చేరినవాడికి స్టోరులో మొట్టమొదట ఇచ్చేది అదే. నువ్వెళ్ళి అడిగితే స్టోరువాడు చీఫ్ మొహం చూశాడు. చీఫ్ మీసం దువ్వుకుని, "ఆడవాళ్ళ సైజు చెక్కముక్క స్టాకులో లేదమ్మా" అన్నాడు. స్టేషనంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. నా గొప్పేం కాదు, నవ్వితే మీ అక్క ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆ సాయంత్రమే మీ అక్క విరిగిన స్టూలు కాలు రంపంతో కోసి, నున్నగా గీకి, నీ జేబులో పెట్టింది.

బట్టలు కుట్టే షెడ్డు తగలబడిన సంగతి పేపరువాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. "ఒక విషాద సంఘటన ఆమెను దైవం వైపు నడిపించింది" అట. సరుకు బయటికి పోతుందని ఆ షెడ్డు యజమాని వెనక తలుపుకి బయట నుంచి తాళం వేశాడు. నువ్వు గొడ్డలితో దాన్ని పగలగొట్టేసరికి లోపలి ఆడవాళ్ళందరూ ఆ తలుపుకే ఆనుకుని ఉన్నారు, ఒక్కళ్ళకీ ఊపిరి లేదు. దాన్ని సంఘటన అనరు. తాళం అంటారు.

ఆ తర్వాత నువ్వు యూనిఫాం విప్పి తెల్లబట్టలు కట్టావు. నేను రిటైరయ్యేదాకా ఇంజను తోలాను. నీ గొడ్డలి నా దగ్గరే ఉంది. పుస్తకాలు ఒరిగిపోకుండా అరలో అడ్డం పెట్టాను.

ఫొటోలో చిక్కిపోయావు.

బావ

ఆశ్రమం, కుట్టుగది నుంచి

బావా,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. పక్కన కాజాలు కుడుతున్న పిల్ల హడలిపోయి సూది గుచ్చుకుంది.

పేపరమ్మాయి "మీకు భయం వెయ్యలేదా?" అనడిగింది. "వేసింది, బూటు ఊడిపోతుందేమోనని" అన్నాను. ఆ మాట రాసుకోలేదు. చీఫ్‌ని వదిలెయ్యి. నేనాయన్ని ఎప్పుడో క్షమించేశాను. నువ్వు మాత్రం క్షమించకు, కోపం పోతే నీకు తోచదు.

ఇక్కడ పని గురించి ఎప్పుడూ రాయలేదు కదా. కాలిన ఒళ్ళతో కొందరొస్తారు, కమిలిన మొహాలతో కొందరొస్తారు, కొందరు ఒళ్ళో పిల్లలతో వస్తారు. పొద్దున కట్లు మారుస్తాను. మధ్యాహ్నం కుట్టు నేర్పిస్తాను. కాలిన చెయ్యి బిగుసుకుపోకుండా ఉండాలంటే సూది పట్టుకోవడాన్ని మించిన వైద్యం లేదు. సాయంత్రం ఆశ్రమం నడిపే అమ్మగారు ప్రార్థన చేయిస్తారు. అమ్మగారు పడకల హాలుకి తాళం వేసుకుని వెళ్ళాక ప్రశాంతంగా ఉంటుంది, కాసేపు చదువుకుంటాను.

నువ్వు మెచ్చుకునే పని ఒకటి చేస్తున్నా. ఆదివారం ఆదివారం వీళ్ళకి పొగలో బయటపడడం నేర్పిస్తున్నాను. మోకాళ్ళ మీద, ఎడమచెయ్యి గోడకి, ముందు మనిషి మడమ వదలకూడదు. తొయ్యకూడదు, అరవకూడదు. మన కుర్రాళ్ళ కంటే వీళ్ళే నయం. ఒక ముసలామె "నా మొగుడు తాగొచ్చినప్పుడు మంచం కింద ఇలాగే పాకేదాన్ని, కొత్తగా నేర్పేదేముంది" అంది.

మందులు వేళకి వేసుకో.

మరదలు

మేడ మీద గది నుంచి

మరదలా,

నీ ఉత్తరం మధ్యలో ఒక వాక్యం ఉంది. "అమ్మగారు పడకల హాలుకి తాళం వేసుకుని వెళ్ళాక ప్రశాంతంగా ఉంటుంది." రాసినదాన్ని నువ్వు మళ్ళీ చదువుకోలేదని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం పొద్దుణ్ణుంచీ అదే చదువుతున్నాను.

ఎవరు వేస్తారు తాళం? ఎటువైపు? ఎందుకు?

నా గదిలో గోడలు కనపడనన్ని పుస్తకాలున్నాయి. వాటిల్లో సాధువులు, సన్యాసినులు కావలసినంత మంది ఉన్నారు. వాళ్ళందరూ తమ తలుపులు తాము మూసుకున్నవాళ్ళే. ఎదుటివాళ్ళ తలుపులు మూసేవాళ్ళకి వేరే పేరుంది. జైలర్లంటారు.

షెడ్డు దగ్గర ఆ తలుపు తెరిచింది నువ్వు. ఇంజను దగ్గరికొచ్చి, చక్రం పక్కన కూర్చుని, నన్ను పట్టుకుని "బావా, తాళం చిన్నది, చాలా చిన్నది" అన్నావు. ఇంకేం అనలేదు. ఆ నువ్వు తాళం వేసిన గదిలో కూర్చుని ప్రశాంతంగా చదువుకుంటున్నావా? ఏం చదువుతున్నావో కూడా చెప్పు, ఆ పుస్తకం నా అరలో ఉంటే బయట పారేస్తాను.

బావ

ఆశ్రమం, ఆఫీసు గది నుంచి

బావగారికి నమస్కారం.

మీరు మేడ మీద కూర్చుని పుస్తకాలు చదివి లోకాన్ని తిట్టగలరు. ఇక్కడ గేటు దగ్గరికి ఎవరెవరు వస్తారో మీకు తెలియదు. పోయినేడు ఒకడు కత్తి పట్టుకుని గోడ దూకాడు. వాడి భార్య నా వెనక దాక్కుంది. నా చేతిలో కట్లు కోసే కత్తెర తప్ప ఏమీ లేదు. ఆ మర్నాటి నుంచే తాళం. వీళ్ళలో చాలామంది పెళ్ళయ్యాక మొదటిసారి నిద్రపోతున్నది ఆ తాళం వల్లే.

అమ్మగారు చెడ్డమనిషి కాదు. ఎవరికీ అక్కర్లేని వాళ్ళని తెచ్చి పెట్టుకున్నారు. ఆవిడని జైలరనడానికి మీకు హక్కు లేదు.

నేను ఇక్కడికొచ్చేటప్పుడు మాటిచ్చాను. చెప్పిన మాట వింటానని. ఆ మాటే నన్ను నిలబెట్టింది. షెడ్డు తర్వాత నేను పిచ్చిదాన్ని కాకుండా ఉన్నానంటే దానివల్లే. అది మీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
మీ మరదలు

మేడ మీద గది నుంచి

మరదలుగారికి,

ఒక్క ఉత్తరంలో "మీరు" అయిపోయాను. చాలా సంతోషం. నా పెళ్ళిలో చెప్పులు దాచేసి, "బావా, ఉత్త కాళ్ళతో వెళ్ళు, అత్తారింటికెళ్ళేది అక్క, నువ్వు కాదుగా" అన్న పిల్ల నువ్వే కదా?

మొగుళ్ళు రాకుండా ఉండాలంటే లోపల గడియ పెట్టుకోవచ్చు. లావుపాటి గడియ, ఏనుగొచ్చినా ఊడనిది. లోపల గడియ బయటివాణ్ణి ఆపుతుంది. బయట తాళం లోపలివాళ్ళని ఆపుతుంది. ఈ సంగతి నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

కాబట్టి అసలు కారణం నువ్వు రాయలేదు. తాళంచెవి ఎక్కడుంటుందో కూడా రాయలేదు. రాసినదాని కంటే వదిలేసిందే ఎక్కువగా ఉంది నీ ఉత్తరంలో.

నీ ఆదివారం పాఠం గురించి ఆలోచించాను. మోకాళ్ళ మీద పాకించావు, గోడ పట్టించావు, మడమ పట్టించావు. ఎక్కడికి పాకిస్తున్నావు వాళ్ళని? పాఠం చెప్పేటప్పుడు పగలే కదా? తలుపు తీసే ఉంటుంది కదా?

బావ

ఆశ్రమం, వరండా చివర నుంచి

బావా,

రాస్తాను. నీకు కావలసింది అదేగా.

ఇద్దరు అమ్మాయిలు వెళ్ళిపోయారు. ఒకామె మొగుడి దగ్గరికే వెళ్ళింది. ఇంకొకామె ఎక్కడికెళ్ళిందో తెలియదు. విరాళాలిచ్చే పెద్దలు వచ్చి, "మీ దగ్గర వదిలితే ఇలాగేనా చూసేది?" అని అమ్మగారిని నిలదీశారు. అప్పుడు బయట గొళ్ళెం బిగించారు. కత్తి పట్టుకుని గోడ దూకినవాడు నిజం. తాళం వాడి కోసం కాదు.

తాళంచెవి అమ్మగారి నడుముకి ఉంటుంది. ఆవిడ ఉండేది పెరడు దాటాక, ప్రార్థన గది వెనక. ఆవిడకి మిషను లేకపోతే చెవి వినపడదు. ప్రార్థన వేళ మిషను తీసి పక్కన పెడతారు. చాలా?

వెళ్ళి అడిగాను. బయట తాళం వద్దు, లోపల గడియ పెట్టించండి, కావాలంటే నేను ఆ గడియ పక్కనే పడుకుంటానన్నాను. ఆవిడ, "తల్లీ, ఆ యూనిఫాం నీ ఒంటి మీద నుంచి పోయింది కానీ లోపల నుంచి పోలేదు. ఇది భయం కాదు, అహంకారం. ఈ నెలంతా మౌనంగా ఉండు" అన్నారు.

తల వంచుకుని వచ్చేశాను. మౌనంలో ఉన్నాను. ఉత్తరం రాయకూడదని మాత్రం అనలేదు.

మరదలు

మేడ మీద గది నుంచి

తల వంచావా? అలవాటైన పనే.

మీ అక్క ఆఖరి రోజుల్లో నేను నీకు కబురు పంపాను. నువ్వు అనుమతి అడిగావు. "నెల మౌనం పూర్తికాకుండా గేటు దాటకూడదు" అన్నారు. తల వంచావు. మౌనం పూర్తయ్యాక వచ్చావు, చేతిలో ఏవో పళ్ళు పట్టుకుని. ఎవరికి తెచ్చావు? నాకా?

అది ఒక్కసారి కూడా నిన్ను తిట్టలేదు, అదే నాకు మండుతుంది. నేను తిడితే నా నోరు మూయించేది. "దాని పద్ధతులు దానికుంటాయి, నువ్వూరుకో" అనేది. ఊరుకున్నాను. నీ ఎదురుగా నోరెత్తకుండా ఇన్నేళ్ళు లోపలే ఉడికిపోయాను. ఇక ఊరుకోను.

చీఫ్ నవ్వినప్పుడు నువ్వు తల వంచలేదు. నిన్ను స్టేషను వంటగదికి పంపిస్తానన్నప్పుడు, వాడి మొహం మీదే "ముందు మీ మీసం ఆర్పుకోండి సార్, సిగరెట్టు తగిలింది" అన్నావు. నిజంగానే తగిలింది, వాడు చేత్తో కొట్టుకుంటూ తిరిగాడు. ఆ ఆడది ఏమైంది? మగవాడు అవమానిస్తే ఎదురు తిరగాలి, దేవుడి పేరు చెప్పి అవమానిస్తే దణ్ణం పెట్టాలా? ఇదేనా నువ్వు నేర్చుకున్న వేదాంతం?

నీకు వినయం నేర్పినవాళ్ళు వినయంగా ఉండగా నేనైతే చూడలేదు.

నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

బావ

గుమ్మం మీద నుంచి

బావా,

కోపంతో రాస్తున్నాను. నీ మీద కాదు.

నిన్న సాయంత్రం ప్రార్థన వేళకి కరెంటు పోయింది. మామూలుగా ప్రార్థన అయ్యాక వేసే తాళం, విరాళాల పెద్దలొస్తున్నారని అమ్మగారు ముందే వేసేశారు. నేను లోపలే ఉన్నాను, పొద్దున మిగిలిపోయిన కట్లు మారుస్తున్నాను. కరెంటు తిరిగి రాగానే, హాలు చివర ఎవరో స్విచ్చి ఆపకుండా వదిలేసిన ఇస్త్రీ పెట్టె వేడెక్కి దుప్పట్లూ కింద పరుపూ అంటుకున్నాయి. మంట పెద్దది కాదు. దుప్పటి మీద దుప్పటి వేసి తొక్కేశాను. కానీ పొగ! నీకు తెలుసుగా, దూది పరుపు పొగ ఎలాంటిదో. కిటికీలు తెరిచాను. ఊచల్లోంచి అరిచాను. మౌనం, గాడిదగుడ్డు. అవతల భజన, ఆవిడ చెవిలో మిషను లేదు.

వెనక్కి తిరిగి చూస్తే నా వాళ్ళు కనపడలేదు. గోడ పట్టుకుని వెళ్ళాను. అందరూ తలుపు దగ్గర ఉన్నారు బావా. నేను నేర్పినట్టే. మోకాళ్ళ మీద, ఎడమచెయ్యి గోడకి, ఒకళ్ళ మడమ ఒకళ్ళు పట్టుకుని, వరసగా. ఎవరూ తొయ్యడం లేదు. ఎవరూ అరవడం లేదు. తాళం వేసిన తలుపు ముందు బుద్ధిగా కూర్చుని దగ్గుతున్నారు. ఆ ముసలామె నన్ను చూసి, "బాగా చేశామా అమ్మా?" అంది.

షెడ్డులో వాళ్ళైనా తలుపుని గోళ్ళతో గీకారు. నేను వీళ్ళకి అది కూడా చెయ్యకూడదని నేర్పాను.

భజన అయ్యాక ఎవరో పొగ వాసన పసిగట్టి తలుపు తీశారు. ఎవరికీ ఏం కాలేదు. అమ్మగారు ఒక్కొక్కళ్ళ తలా నిమిరి, "చూశారా, దేవుడు కాపాడాడు" అన్నారు. నేను మౌనం విరిచాను. "దేవుడు తాళంచెవి నడుముకి కట్టుకోడమ్మా" అన్నాను.

పొద్దున్నే తోటలోంచి గడ్డపార తెచ్చి గొళ్ళెం పెకిలించి పడేశాను. ఈసారి ఎవర్నీ అనుమతి అడగలేదు. ఇప్పుడు కొత్తది బిగించడానికి వడ్రంగిని పిలిపించారు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. వడ్రంగి పాపం రంపం ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "నాకు రోజు కూలీ అమ్మా, మీరు కూర్చున్నా ఇస్తారు, లేచినా ఇస్తారు, మీ ఇష్టం" అంటున్నాడు.

గొడ్డలి పంపించు. పుస్తకాలకి ఇంకేదైనా అడ్డం పెట్టుకో.

మరదలు

మేడ మీద గది నుంచి

మరదలా,

గొడ్డలి పార్సిల్ చేశాను. పోస్టాఫీసు పిల్ల "ఇదేంటి తాతా?" అంది. "ఆశ్రమానికి కానుక" అన్నాను. అనుమానంగా చూసి స్టాంపు గుద్దింది.

గొడ్డలితో పాటు గుడ్డలో చుట్టి ఇంకోటి పెట్టాను. నీ చెక్కముక్క. మీ అక్క కోసిచ్చిందే. ఉద్యోగం మానేసిన రోజున నువ్వు అక్క కుట్టుపెట్టెలో పడేసి వెళ్ళావు. ఇది నీకు చెప్పకూడదని ఇన్నాళ్ళు పంతం పట్టాను. ఇప్పుడు చెప్తున్నా, వినాల్సిందే.

మంచం పట్టాక మీ అక్క ఆ గది తలుపు మూయనిచ్చేది కాదు. గాలికి మూసుకుపోతుంటే ఆ చెక్కముక్క తెప్పించుకుని తలుపు కింద దోపించింది. చలిగాలి వస్తోంది, మూస్తానంటే, "అది వచ్చేసరికి తలుపు మూసి ఉంటే బాగోదు" అంది. ఆఖరి దాకా తలుపు అలాగే తెరిచి ఉంది.

నిన్ను బాధపెట్టాలనే రాశాను. ఎక్కడ దోపాలో నీకు తెలుసు.

బావ

గుమ్మం మీద నుంచి

బావా,

పార్సిల్ అందింది. గుడ్డ విప్పాను. ఎక్కడ ఏడవాలో తెలియలేదు, లోపల వాళ్ళు చూస్తారు, బయట వడ్రంగి చూస్తాడు. వడ్రంగి దాన్ని చేతిలోకి తీసుకుని, "పనిమంతుడు కోసింది కాదు, కానీ పట్టు బావుంది" అన్నాడు. తలుపు కింద దోపాను. సరిగ్గా కూర్చుంది.

అక్క గురించి నువ్వు రాసింది మళ్ళీ చదివి, మడిచి ఆ గుడ్డలోనే పెట్టుకున్నాను.

అమ్మగారు నా తెల్లబట్టలు తిరిగిచ్చెయ్యమన్నారు. మడత పెట్టి ఇచ్చాను. "ఆశ్రమంలో నీకు చోటు లేదు" అన్నారు. "లోపలికి రాను, గుమ్మం మెట్టు బయట కదా, అక్కడ కూర్చుంటాను" అన్నాను. ఆవిడ కొత్త గొళ్ళెం, తాళం తీసుకొచ్చారు. ముసలామె లేచి, తన పరుపు చుట్టుకుని వచ్చి నా పక్కన మెట్టు మీద పరిచింది. తర్వాత కాజాల పిల్ల. తర్వాత అందరూ. హాలు ఖాళీ, మెట్ల మీద చోటు లేదు. అమ్మగారు గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశారు. ఖాళీ హాలుకి తాళం ఎందుకనుకున్నారో ఏమో, వెళ్ళిపోయారు. మాట్లాడడం మానేశారు కానీ, ఆవిడ గదిలోంచి నాకొక దుప్పటి పంపారు. అలాంటి మనిషి ఆవిడ. అందుకే మరీ కోపం.

ఒకమ్మాయి వెళ్ళిపోయింది. మొగుడి దగ్గరికే. ఆపలేదు. దారి చూపించి, బస్సుకి చిల్లరిచ్చాను. లోపలే తిట్టుకున్నాను, కానీ ఆపలేదు.

మొన్న సాయంత్రం గోడ దూకినవాడు మళ్ళీ వచ్చాడు. తెరిచిన తలుపు చూసి హుషారుగా మెట్ల దాకా వచ్చాడు. నా ఒళ్ళో గొడ్డలి చూసి ఆగాడు. "ముసల్దానా, దాంతో ఏం చేస్తావే?" అన్నాడు. "తలుపులు పగలగొట్టేదాన్ని. ఇంకేం పగులుతాయో ఎప్పుడూ చూడలేదు, రా" అన్నాను. వచ్చిన దారినే వెళ్ళాడు.

మళ్ళీ వస్తాడు. నాకు నడుం పట్టేసింది. తెల్లవార్లూ ఎక్కడ కునుకు పడుతుందోనని భయమేస్తోంది. స్టేషనులో అయితే ఈపాటికి డ్యూటీ మార్చడానికి ఎవరో ఒకరు వచ్చేవారు.

మరదలు

మేడ మీద గది నుంచి, ఆఖరిసారి

మరదలా,

గది ఖాళీ చేశాను. పుస్తకాలు కింది వాటా వాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళు చదవరు, అందుకే భద్రంగా ఉంటాయి.

రేపటి బస్సుకి వస్తున్నా. మెట్టు మీద ఒక కుర్చీ వేయించు, నాకు మోకాళ్ళు వంగవు. రాత్రి డ్యూటీ నాది, పగలు నీది. నాకు కునుకు పట్టదు, ముప్పొద్దులా కడుపుమంటతో ఉంటాను. ఆ గోడ దూకేవాడు వస్తే బావుండునని ఉంది.

మీ అమ్మగారికి ముందే చెప్పు. నేను దేవుడి కోసం రావడం లేదు, ఆవిడ దగ్గర వినయం నేర్చుకోవడానికి అంతకంటే రావడం లేదు. నన్ను మౌనంగా ఉండమంటే ఆవిడ చెవి మిషను తీసేసుకోవడమే మార్గం.

నీకూ ఒకటి చెప్పాలి. మీ అక్క పోయినప్పుడు నువ్వు రాలేదు. అది నేను మర్చిపోను. క్షమించడం నాకు చేతకాదు, నీకు తెలుసు. మర్చిపోకుండానే వస్తున్నాను.

తలుపు తీసే ఉంచు.

బావ